కోడిపిల్లకు నేల వెచ్చదనం: హుజూర్‌నగర్ ప్రాంత శీతాకాలపు షెడ్లలో హీట్ పంప్ స్థానం

యాసంగి వరి నారుమళ్లు చలికి ఎర్రబడి ఎదుగుదల ఆగిపోయే సమస్య హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతులకు కొత్తది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రతలు తగ్గినప్పుడు సాయంత్రం నారుమడిపై పాలిథిన్ పట్టా కప్పి ఉదయం తీసివేయాలని, రాత్రంతా మడిలో నిలిచి చల్లబడిన నీటిని తెల్లవారగానే తీసివేసి బోరు నీటిని తిరిగి పెట్టాలని శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తున్నారు. ఈ సిఫారసులోని రెండవ భాగం నిజానికి ఒక తాపన పద్ధతి. భూమి లోపల నిలువ ఉన్న వేడిని నీటి ద్వారా పైకి తెచ్చి, చలికి నలిగిన మొక్కకు అందించడమే అందులో జరుగుతున్న పని. శీతాకాలపు వేకువలో బావినీరు గోరువెచ్చగాను, వేసవి మధ్యాహ్నం చల్లగాను తోచడానికి కారణం నీటి ఉష్ణోగ్రత మారడం కాదు. పైనున్న గాలి మారుతుంది, నీరు దాదాపు ఒకే తీరున ఉంటుంది.

నారుమడికి ఉపయోగపడుతున్న ఈ సూత్రం ఇంటి గోడల లోపలి సౌకర్యానికి ఎంతవరకు ఉపయోగపడుతుంది? స్వీడన్, స్విట్జర్లాండ్ వంటి శీతల దేశాలలో నేలలోని వేడిని హీట్ పంప్ ద్వారా గ్రహించి నివాస గృహాలను వెచ్చబరచడం సాధారణమైపోయింది. సూర్యాపేట జిల్లాలో మనుషుల ఇళ్లకు అటువంటి ఏర్పాటు అవసరం లేదు. ఇక్కడ చలి కొద్ది వారాలది. దుప్పటి, మూసిన కిటికీ దానికి చాలు. కానీ ఇదే చలిలో, ఇదే ఊళ్లలో, దుప్పటి కప్పుకోలేని ప్రాణి ఒకటి ఉంది. పొదిగి ఒక రోజైన కోడిపిల్లకు 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. బయట 15 డిగ్రీలున్న రాత్రి ఆ తేడాను పూడ్చలేకపోతే మొదటి వారంలోనే పిల్లలు చనిపోతాయి, బతికినవి ఎదగవు. కాబట్టి నేల వెచ్చదనం గురించిన చర్చకు ఈ ప్రాంతంలో సరైన స్థలం కోళ్ల షెడ్డు.

భూతాపానికి రెండు అర్థాలు

భూతాపం అనగానే వేడినీటి బుగ్గలు గుర్తుకు వస్తాయి. తెలంగాణలో అటువంటి వనరు గోదావరి లోయలో ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు సమీపంలోని పగిడేరు వద్ద బోరు నుంచి ఉబికి వచ్చే వేడినీటి ఆధారంగా సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. అది భూగర్భపు లోతుల నుంచి వచ్చే వేడి. హుజూర్‌నగర్ ప్రాంతంలో అటువంటి బుగ్గలు లేవు.

ఈ వ్యాసంలో చెప్పుకునేది వేరొక వేడి. నేల పైపొర ఏడాది పొడుగునా సూర్యుని నుంచి గ్రహించి దాచుకున్నది. దీనికి వేడినీటి బుగ్గ అవసరం లేదు. ఏ పొలంలోనైనా ఉంటుంది. దీని ఉష్ణోగ్రత తక్కువ, కాని నిలకడ ఎక్కువ. విస్తరణ కార్యకర్తలు రైతులతో మాట్లాడేటప్పుడు ఈ రెండింటి మధ్య తేడాను మొదటే స్పష్టం చేయడం మంచిది. లేకపోతే నేలలోంచి వేడి అనగానే కుతకుతలాడే నీటిని ఊహించుకునే ప్రమాదం ఉంది.

మూడు మీటర్ల లోతున

నేల మంచి ఉష్ణవాహకం కాదు. అందువల్ల పైన జరిగే మార్పు లోపలికి నెమ్మదిగా, బలహీనపడుతూ చేరుతుంది. పగటికి రాత్రికి ఉన్న తేడా సుమారు అర మీటరు లోతుకే దాదాపు మాయమవుతుంది. ఋతువుల మధ్య తేడా మరింత లోతుకు పోతుంది. అయినా తేమగల నేలలో 3 మీటర్ల వద్దకు చేరేసరికి ఉపరితలంలోని ఊగిసలాటలో మూడో వంతుకు మించి మిగలదు. అది కూడా సుమారు రెండు నెలలు ఆలస్యంగా చేరుతుంది. అంటే జనవరిలో 3 మీటర్ల లోతున ఉన్న మట్టి ఇంకా నవంబరు నాటి స్థితిలోనే ఉంటుంది. మరింత లోతున ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా స్థిరపడుతుంది. దక్షిణ తెలంగాణ మైదానాలకు అది సుమారు 27 నుంచి 29 డిగ్రీలు.

దీనికి మన దేశంలోనే ప్రయోగ నిదర్శనం ఉంది. అహ్మదాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో గిర్జా శరణ్ బృందం 50 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వ్యాసం గల ఇనుప గొట్టాన్ని 3 మీటర్ల లోతున పాతి, 400 వాట్ల బ్లోయరుతో దానిగుండా గాలిని పంపి పరిశీలించింది. ఆ లోతున మట్టి ఉష్ణోగ్రత మే నెలలో 26.6 డిగ్రీలు, జనవరిలో 24.2 డిగ్రీలు. జనవరి రాత్రులలో గొట్టంలోకి వెళ్లిన చల్లగాలి అత్యధికంగా 14 డిగ్రీల మేర వెచ్చబడి బయటికి వచ్చింది. మే నెల పగటివేళ దాదాపు అంతే మేర చల్లబడింది. బ్లోయరు వాడిన ప్రతి యూనిట్ విద్యుత్తుకు శీతాకాలంలో సగటున 3.8 యూనిట్ల వేడి లభించింది. తరువాత ఇదే పద్ధతిని కచ్ ప్రాంతంలోని కొఠారాలో హరితగృహానికి అన్వయించారు.

అహ్మదాబాద్ శీతాకాలం హుజూర్‌నగర్ కంటే చల్లనిది. కాబట్టి ఇక్కడ నేల లోపలి ఉష్ణోగ్రత అంతకు తగ్గదని భావించవచ్చు. అయితే బయటి గాలి ఇక్కడ అంత చల్లగా ఉండదు గనుక గాలికి, నేలకు మధ్య తేడా కూడా తక్కువే. 14 డిగ్రీల లాభాన్ని ఇక్కడ ఆశించరాదు; 8 నుంచి 9 డిగ్రీలు సహేతుకమైన అంచనా.

పిల్ల కోరే వెచ్చదనం

కోడిపిల్లకు తన శరీర ఉష్ణోగ్రతను తానే కాపాడుకునే శక్తి పుట్టుకతో పూర్తిగా రాదు. నూగు రాలి ఈకలు మొలిచే వరకు, అంటే సుమారు రెండు వారాల పాటు, అది బయటి వేడి మీద ఆధారపడుతుంది. తల్లికోడి రెక్కల కింద లభించే ఆ వేడిని షెడ్డులో బ్రూడరు ఇవ్వాలి. మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలతో ఆరంభించి వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, 21 నుంచి 24 డిగ్రీల వరకు తేవడం ఆనవాయితీ.

థర్మామీటరు కంటే పిల్లల నడవడిక మంచి సూచిక. బ్రూడరు కింద ఒకదానిపై ఒకటి ఎక్కి గుమిగూడితే చలి. దూరంగా పోయి నోరు తెరచి రొప్పితే వేడి. ఒకే మూలకు చేరితే ఎక్కడినుంచో ఈదరగాలి తగులుతోందని అర్థం. చిక్ గార్డు లోపల అంతటా సమంగా పరచుకొని తింటూ, తాగుతూ ఉంటే సౌకర్యంగా ఉన్నట్టు. గుమిగూడిన రాత్రి అడుగునున్న పిల్లలు ఊపిరాడక చనిపోతాయి. మిగిలినవి మేత, నీరు ముట్టక మొదటి వారపు ఎదుగుదలను కోల్పోతాయి. ఆ లోటు తరువాత పూడదు.

బ్రాయిలర్ పెంపకంతో పాటు పెరటి కోళ్ల పెంపకానికీ ఈ విషయం ముఖ్యమైనదే. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల పిల్లలను నేరుగా పెరట్లోకి వదలరు. నాలుగు నుంచి ఆరు వారాలు నర్సరీ షెడ్డులో పెంచి, టీకాలు వేసి, తరువాతే మహిళా సంఘాలకు, రైతులకు అందిస్తారు. నర్సరీలో చలికి దెబ్బతిన్న పిల్ల పెరట్లో నిలదొక్కుకోలేదు. నష్టం చేరేది రెండు మూడు పిల్లల మీద ఆశ పెట్టుకున్న పేద కుటుంబానికి.

మంట ఇచ్చే వేడి, మంట తీసుకునే గాలి

చలి రాత్రుల్లో షెడ్డును వెచ్చబరచడానికి ఇప్పుడు వాడుకలో ఉన్నవి బల్బులు, గ్యాస్ బ్రూడర్లు, బొగ్గుల కుంపట్లు, కట్టెలతో లేదా ఊకతో మండే బుఖారీలు. విద్యుత్ బల్బులను మినహాయిస్తే మిగిలినవన్నీ మంట మీద ఆధారపడినవి. మంటకు ఆమ్లజని కావాలి. పిల్లలకూ కావాలి. చలి పెరిగేకొద్దీ రైతు పరదాలను మరింత బిగిస్తాడు. లోపల మంటను పెంచుతాడు. వేడి నిలుస్తుంది గాని గాలి చెడిపోతుంది.

పొగగొట్టం లేని గ్యాస్ బ్రూడరును ఉదాహరణగా తీసుకుంటే, ఒక కిలో వంటగ్యాస్ మండినప్పుడు సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, 1.6 కిలోల నీటి ఆవిరి వెలువడతాయి. ఆ ఆవిరి అంతా షెడ్డులోనే ఉండిపోతే లిట్టరు తడుస్తుంది. తడిసిన లిట్టరు నుంచి అమ్మోనియా లేస్తుంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండితే అమ్మోనియా మితిమీరినట్టే. ఆమ్లజని కొరత, చలి కలిసినప్పుడు వేగంగా పెరిగే బ్రాయిలర్లలో గుండె, ఊపిరితిత్తులపై భారం పెరిగి పొట్టలో నీరు చేరే జలోదరం కనిపిస్తుంది. బొగ్గుల కుంపటి విషయంలో ముప్పు మరింత తీవ్రం. సరిగా గాలి అందక మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో కాపలాగా పడుకున్న మనిషికి కూడా అది ప్రాణాంతకం.

షెడ్డు లోపలి సౌకర్యం అంటే వెచ్చదనం ఒక్కటే కాదు; వెచ్చదనం, శుభ్రమైన గాలి, పొడి నేల మూడూ కలిసి ఉండాలి. మంట మొదటిదాన్ని ఇచ్చి మిగిలిన రెండింటినీ హరిస్తుంది. నేల వేడికి ఉన్న అసలు విలువ ఇక్కడే ఉంది. దానికి మంట లేదు గనుక గాలిని మూసేయాల్సిన పని లేదు.

హీట్ పంప్ పనితీరు

నేలలో ఉన్నది 27, 28 డిగ్రీలు. పిల్లకు కావలసింది 33 డిగ్రీలు. వేడి తనంతట తాను తక్కువ ఉష్ణోగ్రత నుంచి ఎక్కువ ఉష్ణోగ్రతకు పోదు. నీటిని పల్లం నుంచి మెరకకు ఎక్కించడానికి మోటారు అవసరమైనట్టే, వేడిని ఎక్కించడానికి హీట్ పంప్ అవసరం. ఇంట్లోని ఫ్రిజ్ చేసే పని ఇదే. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనుకవైపు గొట్టాల ద్వారా గదిలోకి వదులుతుంది. హీట్ పంప్ నేలలోని వేడిని తీసి షెడ్డులోకి వదులుతుంది. ఒక ద్రవం తక్కువ పీడనంలో ఆవిరవుతూ నేల వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి దాని ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఆ వేడి షెడ్డుకు చేరాక ఆవిరి తిరిగి ద్రవమవుతుంది.

వేడిని ఈ విధంగా తరలించి భవనాలను వెచ్చబరచవచ్చని లార్డ్ కెల్విన్ 1852లోనే ప్రతిపాదించాడు. నేలను ఉష్ణ వనరుగా వాడే ఆలోచనకు 1912లో స్విట్జర్లాండ్‌కు చెందిన హైన్రిష్ జోలీ పేటెంట్ పొందాడు.

ఎక్కించవలసిన ఎత్తు తగ్గేకొద్దీ మోటారుపై భారం తగ్గుతుంది. ఇదే నియమం హీట్ పంప్‌కు వర్తిస్తుంది. శీతల దేశాల్లో నేల దాదాపు 8, 10 డిగ్రీలు ఉంటుంది. అక్కడ నుంచి 45 డిగ్రీలకు వేడిని ఎక్కించే యంత్రం ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 3 నుంచి 4 యూనిట్ల వేడిని ఇస్తుంది. ఇక్కడి నేల 27 డిగ్రీలకు పైగా ఉంది గనుక అదే యంత్రం, నీటిని తిప్పే చిన్న పంపుల ఖర్చును కలిపి చూసినా, 4 నుంచి 5 యూనిట్లు ఇవ్వగలదు. చలి తక్కువైన చోట హీట్ పంప్ మరింత పొదుపుగా నడుస్తుంది. అయితే చలి తక్కువైన చోట దాని అవసరం కూడా తక్కువ రోజులే. ఈ చిక్కును తరువాత పరిశీలించవచ్చు.

వేడిని షెడ్డులో పంచడానికి నేల కింద గొట్టాలు పరచడం అనువైన పద్ధతి. సిమెంటు గచ్చులో అమర్చిన ప్లాస్టిక్ గొట్టాలలో 38 నుంచి 40 డిగ్రీల నీరు తిరిగితే చాలు. ఊక పరిచిన లిట్టరు అడుగునుంచి ఆరుతూ ఉంటుంది. పిల్ల పొట్టకు, కాళ్లకు నేరుగా వెచ్చదనం తగులుతుంది. గచ్చు నెమ్మదిగా వేడెక్కుతుంది గనుక పిల్లలు రావడానికి కనీసం ఒక రోజు ముందే నీటిని తిప్పడం మొదలుపెట్టాలి.

వెయ్యి పిల్లల లెక్క

ఒక ఉదాహరణ లెక్క ఈ విషయాన్ని తేటపరుస్తుంది. వెయ్యి పిల్లల కోసం 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు గల బ్రూడింగ్ భాగాన్ని పరదాలతో వేరుచేశారని అనుకుందాం. గోడలు, పైకప్పు కలిసి 125 చదరపు మీటర్ల ఉపరితలం. లోపల సగటున 30 డిగ్రీలు, బయట 15 డిగ్రీలు. తేడా 15 డిగ్రీలు.

ఒంటి పరదా, రేకు లేదా సిమెంటు రేకు కప్పు అయితే చదరపు మీటరుకు, ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 6 వాట్ల వేడి బయటికి పోతుంది. మొత్తం నష్టం 11 కిలోవాట్లకు పైనే. పరదా రెండు పొరలుగా కట్టి, కప్పు కింద మరో పట్టాతో దొంగకప్పు కట్టి, మధ్యలో గాలి పొర నిలిపితే ఆ నష్టం సుమారు సగానికి, అంటే 5.6 కిలోవాట్లకు తగ్గుతుంది. మొదటి వారంలో పిల్లకు గంటకు 0.2 ఘనపు మీటరు చొప్పున 200 ఘనపు మీటర్ల తాజా గాలి ఇస్తే, దాన్ని వెచ్చబరచడానికి మరొక కిలోవాట్ కావాలి. మొత్తం 6.6 కిలోవాట్లు.

ఈ అంకెల్లో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, అన్నిటికంటే పెద్ద పొదుపు యంత్రంలో లేదు, పట్టాలో ఉంది. రెండవది, రైతు భయపడి మూసేసే తాజా గాలికి అయ్యే ఖర్చు మొత్తంలో ఆరో వంతు మాత్రమే. గోడల గుండా పోయే వేడిని ఆపకుండా గాలిని మూసేయడం దొంగను వదిలి చుట్టాన్ని గెంటివేయడం వంటిది.

ఇప్పుడు 6.6 కిలోవాట్ల వేడిని 12 గంటల రాత్రికి అందించే మార్గాలను పోల్చవచ్చు. విద్యుత్ హీటర్లతో అయితే 79 యూనిట్లు. వంటగ్యాస్‌తో అయితే సుమారు 6.2 కిలోలు, దానితో పాటు 10 కిలోల నీటి ఆవిరి షెడ్డులోకి చేరుతుంది. 4.5 రెట్ల వేడినిచ్చే హీట్ పంప్‌తో అయితే దాదాపు 18 యూనిట్లు. ఇవన్నీ అత్యంత చల్లని స్థితికి వేసిన లెక్కలు. సాధారణ రాత్రి ఖర్చు ఇంతకంటే తక్కువే.

హీట్ పంప్ తీసుకునే వేడిలో 5 కిలోవాట్లకు పైగా నేల నుంచే రావాలి. బోరు నీటిని 28 డిగ్రీల నుంచి 23 డిగ్రీలకు చల్లబరిస్తే నిమిషానికి 15 లీటర్ల నీరు సరిపోతుంది. రాత్రంతటికీ 10,800 లీటర్లు. వరి పండించే బోరుకు ఇది చాలా చిన్న ధార. ఆ నీరు ఖర్చయిపోదు. 23 డిగ్రీలతో బయటికి వస్తుంది. తెల్లవారే సమయానికి నారుమడిలో నిలిచిన నీటి కంటే అది ఇంకా వెచ్చనిదే. షెడ్డును దాటివచ్చిన నీరు నారుమడికి పోవచ్చు.

నల్లరేగడి, సున్నపురాయి, కాలువ నీరు

ఒకే పద్ధతి అన్ని నేలలకూ నప్పదు. హుజూర్‌నగర్ చుట్టుపక్కల మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి పొరలు విస్తరించి ఉన్నాయి; అక్కడి సిమెంటు కర్మాగారాలకు ఆధారం అవే. సూర్యాపేట వైపు గ్రానైటు శిలలు అధికం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో పంటకాలమంతా నేల తేమగా ఉంటుంది.

తేమగల బంకమట్టి పొడిమట్టి కంటే వేడిని మూడు నాలుగు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. ఆ దృష్టితో కాలువ ఆయకట్టు అనువైనది. కాని భూగర్భజలం పైకి వచ్చే చోట గాలి గొట్టాల్లోకి నీరు చేరి అవి పనికిరాకుండా పోతాయి. అక్కడ నీటిని తిప్పే మూసిన ప్లాస్టిక్ గొట్టాలు లేదా బోరు నీటి పద్ధతి మేలు. నల్లరేగడి వేసవిలో ఆరి బీటలు వారుతుంది. బీట పడిన చోట గొట్టానికి, మట్టికి మధ్య గాలి చేరి వేడి ప్రసారం తెగిపోతుంది. కందకంలో గొట్టం చుట్టూ ఇసుక కలిపిన మట్టిని గట్టిగా కూరి, తడి నిలిచేలా చూడాలి. సున్నపురాయి పైకి తేలిన నేలలో 3 మీటర్ల కందకం తవ్వడం ఖర్చుతో కూడినది. ఉన్న బోరును వాడుకోవడమే దారి.

సున్నపురాయి ప్రాంతపు నీరు కఠినమైనది. కాల్షియం కార్బనేట్ చల్లబడే నీటిలో కంటే వేడెక్కే నీటిలో ఎక్కువగా పొరకడుతుంది. శీతాకాలంలో బోరు నీరు యంత్రంలో చల్లబడుతుంది గనుక పొర సమస్య తక్కువ. అదే యంత్రాన్ని వేసవిలో చల్లదనం కోసం తిప్పి వాడితే నీరు వేడెక్కి పొర త్వరగా కడుతుంది. అందువల్ల శుభ్రపరచడానికి విప్పదగిన ఉష్ణ వినిమాయకాన్ని ఎంచుకోవాలి.

గాలి గొట్టాలు అమర్చే చోట అవి ఒకవైపుకు వాలుగా ఉండాలి. వర్షాకాలపు తేమ గాలి గొట్టంలో చల్లబడి నీరుగా మారుతుంది. ఆ నీరు నిలిస్తే బూజు పెరిగి, దాని బీజాలు నేరుగా పిల్లల ఊపిరితిత్తులకు చేరతాయి. గొట్టం చివర నీరు పోయే మార్గం, లోపల శుభ్రపరిచే వీలు తప్పనిసరి.

కరెంటు పోయిన రాత్రి, ఖాళీగా ఉన్న యంత్రం

హీట్ పంప్‌ను సిఫారసు చేసే ముందు రెండు అభ్యంతరాలకు సమాధానం చెప్పాలి. మొదటిది విద్యుత్తు. అర్ధరాత్రి కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది. 500 లీటర్ల వేడినీటి తొట్టి ఉంటే, నీరు 45 నుంచి 35 డిగ్రీలకు దిగేలోగా ముప్పావు గంట నుంచి గంట వరకు షెడ్డును ఆదుకుంటుంది. వేడెక్కిన గచ్చు మరికొంత సేపు తోడ్పడుతుంది. అంతకు మించిన అంతరాయానికి జనరేటరు లేదా గ్యాస్ బ్రూడరు సిద్ధంగా ఉండవలసిందే.

రెండవది వినియోగ దినాలు. బ్రాయిలర్ రైతుకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రెండు బ్యాచ్‌లు వస్తాయి. ఒక్కో బ్యాచ్‌కు రెండు వారాల బ్రూడింగ్ చొప్పున చలికాలంలో యంత్రం నిండుగా పనిచేసేది సుమారు 28 రోజులు. మిగిలిన ఏడాదిలో దాని అవసరం చాలా తక్కువ. వేసవిలో దానితో పెద్ద కోళ్లను చల్లబరచవచ్చన్న ఆశ ఆచరణకు నిలవదు. నాలుగు వైపులా తెరిచిన షెడ్డులో చల్లటి గాలి నిలవదు. మే నెల పొడి ఎండకు ఫాగర్లు, కప్పుపై నీటి తుంపర్లు, గడ్డి కప్పడం అంతకంటే చౌకగా పనిచేస్తాయి. కాబట్టి విడి బ్రాయిలర్ రైతుకు హీట్ పంప్ పెట్టుబడి తిరిగి రాదు. ఈ మాటను విస్తరణ శాస్త్రవేత్తలు దాచకుండా చెప్పాలి.

నర్సరీ షెడ్డు పరిస్థితి వేరు. అక్కడ ఒక బ్యాచ్ వెనుక మరో బ్యాచ్ ఒకరోజు పిల్లలు దిగుతూనే ఉంటాయి. వానాకాలపు రాత్రి కూడా మొదటి వారం పిల్లకు 33 డిగ్రీలు కావలసిందే. మండు వేసవి తప్పితే ఏడాదిలో అధిక భాగం యంత్రానికి పని ఉంటుంది. షెడ్డు చిన్నది, మూసి ఉంచదగినది. హేచరీల విషయంలో ఇంకొక సౌలభ్యం ఉంది. పొదుగుడు గుడ్లను నిల్వచేసే గదికి చల్లదనం కావాలి, పిల్లల గదికి వెచ్చదనం కావాలి. ఒక హీట్ పంప్ ఒకవైపు నుంచి వేడిని తీసి రెండో వైపుకు ఇస్తూ రెండు పనులనూ ఒకే విద్యుత్తుతో చేయగలదు.

ఏది ముందు, ఏది తరువాత

పై చర్చను బట్టి ఈ ప్రాంతానికి తగిన క్రమం ఇలా ఉంటుంది.

మొదటి మెట్టు షెడ్డును సరిచేయడం. రెండు పొరల పరదా, దొంగకప్పు, పరదా కింది అంచున గాలి దూరకుండా కట్టు, 5 నుంచి 7 సెంటీమీటర్ల పొడి ఊక లిట్టరు. పరదాను కింది నుంచి పైకి మూసేలా కట్టి, పైభాగంలో సన్నని సందు వదలాలి. పిల్లలపై గాలి కొట్టకుండా చెడుగాలి పైనుంచి పోతుంది. ఊక ఇప్పుడు ఊరికే దొరికే వస్తువు కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్లకు అదే ఇంధనం. అయినా లిట్టరుకు అయ్యే ఊక కొద్దిపాటిదే.

రెండవ మెట్టు తాజా గాలిని నేల వేడితో ముందుగా వెచ్చబరచడం. బోరు ఉన్న రైతు, నీటిని ట్రాక్టరు రేడియేటరు వంటి ఉష్ణ వినిమాయకం గుండా పంపి, చిన్న ఫ్యానుతో గాలిని దాని మీదుగా షెడ్డులోకి తోలితే 15 డిగ్రీల గాలి 23, 24 డిగ్రీలై లోపలికి వస్తుంది. కందకం లేదు, కంప్రెసర్ లేదు. గాలి కోసం ఫ్యాను ఎలాగూ తిరగాలి. దీనివల్ల తాజా గాలికి అయ్యే వేడిలో సగానికి పైగా ఆదా అవుతుంది. అంకెలో ఇది అర కిలోవాటు పైచిలుకే. కాని చలిగాలి వస్తుందన్న భయం పోతే రైతు గాలిని మూసేయడు. ఆ లాభం యూనిట్లలో కనిపించదు, పిల్లల ఊపిరిలో కనిపిస్తుంది.

మూడవ మెట్టు హీట్ పంప్. ఇది ఏడాది పొడుగునా పిల్లలను పెంచే నర్సరీలకు, హేచరీలకు, సంఘాల ఉమ్మడి యూనిట్లకు పరిమితం. మొదటి రెండు మెట్లు ఎక్కని షెడ్డులో దీన్ని అమర్చితే 6.6 కిలోవాట్ల స్థానంలో 12 కిలోవాట్ల యంత్రం కొనవలసి వస్తుంది. పరదా చేయగల పనికి కంప్రెసర్ ధర చెల్లించినట్టవుతుంది.

పరిశోధనకు మిగిలిన పని

పై లెక్కలు భౌతిక సూత్రాల మీద, ఇతర ప్రాంతపు అనుభవం మీద ఆధారపడినవి. స్థానికంగా కొలిచిన అంకెలే వాటిని స్థిరపరచాలి లేదా సవరించాలి. ఇందుకు గడ్డిపల్లి, కంపాసాగర్‌లలోని కృషి విజ్ఞాన కేంద్రాలు అనువైన స్థానంలో ఉన్నాయి. ఒకటి హుజూర్‌నగర్‌కు, మరొకటి మిర్యాలగూడకు దగ్గర. వ్యవసాయ ఇంజనీరింగు, పశువైద్య విద్యార్థులు కలిసి చేపట్టదగిన అంశాలు స్పష్టంగానే ఉన్నాయి. నల్లరేగడి, ఎర్రనేల, ఆయకట్టు నేలల్లో 1, 2, 3 మీటర్ల లోతుల వద్ద ఏడాదిపాటు ఉష్ణోగ్రత నమోదు మొదటిది. బోరు నీటి ఉష్ణోగ్రతను డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేకువన కొలవడం రెండవది. ఒకే షెడ్డును రెండుగా విభజించి, ఒక భాగానికి సాధారణ గాలి, మరో భాగానికి బోరు నీటితో వెచ్చబరిచిన గాలి ఇస్తూ మరణాల శాతం, మొదటి వారపు బరువు, లిట్టరు తేమ, అమ్మోనియా, ఇంధన ఖర్చులను పోల్చడం మూడవది. ఈ మూడవ ప్రయోగం రెండు చలికాలాలు జరిగితే, హీట్ పంప్ వరకు పోవలసిన అవసరం ఎందరికి ఉందో తేలిపోతుంది.

వీటిలో మొదటి రెండు పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. జనవరిలో తెల్లవారుజామున నారుమడికి నీరు వదిలే రైతు పక్కన నిలబడి, బోరు ధార కింద థర్మామీటరు ఉంచి, ఆ అంకెను తేదీతో సహా రాసుకోవడంతో పని ప్రారంభమవుతుంది.